సహకార విద్యానిధికి కట్టే సొమ్ము, యూనియన్ నేర్పవలసిన చదువు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. బెంగళూరులో తెలుగువారే ఎక్కువగా సభ్యులుగా ఉన్న ఒక పరపతి సహకార సంఘానికి మీరు ఈ మధ్యనే పాలకవర్గ సభ్యులుగా ఎన్నికయ్యారు. లాభాల పంపకం పట్టికలో ‘సహకార విద్యానిధి’ అనే పద్దు చూసి ఆ డబ్బు ఎక్కడికి పోతుందని అడిగితే, కార్యదర్శి గారు ‘యూనియన్‌కు, చట్టం అలా ఉంది’ అని ఊరుకున్నారు. ఏటా కట్టే ఈ సొమ్ముకు బదులుగా సంఘానికి దక్కేది నవంబరులో సహకార సప్తాహానికి వచ్చే ఆహ్వాన పత్రిక మాత్రమేనా, లేక విద్య, శిక్షణల విషయంలో, సంఘాలే సభ్యులుగా ఉండే ప్రాంతీయ సహకార యూనియన్‌కు నిజంగా ఏదైనా బాధ్యత ఉందా అన్నది మీ సందేహం. సహకార శిక్షణ రంగంలో చాలాకాలం పాఠాలు చెప్పి విరమించినవాడిని కనుక కొంత వివరంగానే రాస్తాను, కానీ నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. యూనియన్‌కు బాధ్యత ఉంది, అది మొట్టమొదట మీ సభ్యులకూ మీవంటి పాలకవర్గ సభ్యులకూ చదువు చెప్పడం, ఆ తరువాతే మీ ఉద్యోగులకు. ఉద్యోగికి శిక్షణ ఇచ్చే సంస్థలు ఇంకా ఎన్నో ఉన్నాయి, సభ్యుడికి చెప్పేవారు యూనియన్ తప్ప మరొకరు లేరు. ఆ పని జరగనప్పుడు నిలదీసే హక్కు కూడా మీ సంఘానికే ఉంది.

ముందుగా మీ సంఘం ఏ చట్టం కింద రిజిస్టరు అయిందో చూసుకోండి. బెంగళూరులో పక్కపక్క వీధుల్లో, ఒకే రకం బోర్డులతో కనిపించే రెండు పరపతి సంఘాలు వేర్వేరు చట్టాల కింద ఉండవచ్చు. 1959 నాటి కర్ణాటక సహకార సంఘాల చట్టం కింద ఉన్నదైతే పైన రాష్ట్ర సహకార మహామండలి, జిల్లా స్థాయిలో జిల్లా సహకార యూనియన్ ఉంటాయి. మీరు యూనియన్ అంటున్నది బహుశా ఈ వ్యవస్థనే. 1997 నాటి సౌహార్ద సహకారి చట్టం కింద ఉన్నదైతే మీకు సౌహార్ద సంయుక్త సహకారి అనే వేరే సమాఖ్య ఉంటుంది, దానికీ బెంగళూరే కేంద్రం. ఇటు బెంగళూరులోనూ అటు హిందూపురం, మదనపల్లె వంటి ఊళ్లలోనూ సభ్యులను చేర్చుకున్న సంఘమైతే 2002 నాటి బహుళ రాష్ట్ర సహకార సంఘాల చట్టం వర్తిస్తుంది. ఆ చట్టంలోని 63వ సెక్షన్ ప్రకారం నికర లాభంలో 1 శాతం విద్యానిధికి జమ చేయాలి. ఆ నిధి మొదట భారత జాతీయ సహకార యూనియన్ నిర్వహణలో ఉండేది, 2023 సవరణతో కేంద్ర ప్రభుత్వ నిర్వహణలోకి వెళ్లింది. ఈ మూడింటిలో మీది ఏదో తెలియకుండా ఎవరి తలుపు తట్టినా ‘మీరు మా పరిధిలోకి రారు’ అనే జవాబే వస్తుంది.

యూనియన్ అనే సంస్థ స్వభావం కూడా గుర్తుంచుకోవాలి. అది పాల సమాఖ్యలాగా పాలు కొనదు, రాష్ట్ర స్థాయి సహకార బ్యాంకు అయిన అపెక్స్ బ్యాంకులాగా అప్పులు ఇవ్వదు, ప్రభుత్వం తరఫున సంఘాలను పర్యవేక్షించే రిజిస్ట్రారులాగా విచారణలు జరపదు. దానికి వ్యాపారం లేదు. సహకార భావాన్ని ప్రచారం చేయడం, చదువు చెప్పడం, సంఘాల తరఫున ప్రభుత్వంతో మాట్లాడడం, ఈ మూడే దాని పనులు. వ్యాపారం లేని సంస్థ కనుక దాని విజయాన్ని లాభనష్టాలతో కొలవలేము, దాని వైఫల్యం కూడా చాలాకాలం ఎవరి కంటా పడదు. పాల సమాఖ్య రెండు రోజులు పనిచేయకపోతే ఊరంతా గగ్గోలు పెడుతుంది. యూనియన్ రెండేళ్లు ఒక్క సభ్యుడికీ పాఠం చెప్పకపోయినా అడిగేవాడు ఉండడు.

అసలు సహకార సంఘానికి ఈ చదువు గొడవ ఎందుకు, బ్యాంకులకు లేనిది మనకెందుకు అని మీ పాలకవర్గంలోనే ఎవరైనా అనవచ్చు. బ్యాంకుకు ఖాతాదారుడు వేరు, యజమాని వేరు. సహకార సంఘంలో అప్పు తీసుకునేవాడూ, డిపాజిటు చేసేవాడూ, ఓటు వేసి యాజమాన్యాన్ని నిలబెట్టేవాడూ ఒక్కడే. యజమానికి తన సంస్థ సంగతి తెలియకపోతే దాన్ని నడిపేది కార్యదర్శో, అధ్యక్షుడో, వారిద్దరి వెనకనున్న మరొకరో అవుతారు. ఈ సంగతి 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్ నేత పనివారు దుకాణం తెరిచిన కొద్ది సంవత్సరాలకే గ్రహించి, మిగులులో రెండున్నర శాతం చదువు కోసం కేటాయించి, దుకాణం పైభాగాన గ్రంథాలయం, పత్రికల గది నడిపారు. స్పెయిన్‌లోని మోండ్రాగన్‌లో ఇంకా విచిత్రం జరిగింది. అక్కడ పాఠశాల ముందు, సహకార సంఘం తరువాత. 1943లో అరిజ్మెండియారియెటా అనే మతగురువు చిన్న సాంకేతిక పాఠశాల పెడితే, అందులో చదివినవారే 1956లో మొదటి కర్మాగారాన్ని స్థాపించారు. అంతర్జాతీయ సహకార కూటమి 1995లో మాంచెస్టరులో ఖరారు చేసిన ఏడు సూత్రాలలో అయిదవది విద్య, శిక్షణ, సమాచారం. ఆ సూత్రం సభ్యులు, ఎన్నికైన ప్రతినిధులు, మేనేజర్లు, ఉద్యోగులు అందరినీ పేర్కొంటుంది. ఆ వరుసలో సభ్యులే మొదట ఉండడం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం.

మన వైపు చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1904లో తొలి సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది, మరుసటి ఏడాదే మైసూరు సంస్థానం తన సొంత శాసనం చేసుకుంది, అదే 1905లో నేటి గదగ్ జిల్లాలోని కణగినహాళ్‌లో రైతుల పరపతి సంఘం మొదలైంది. పదేళ్లు తిరిగేసరికి సంఘాలు పెరిగాయి గాని సభ్యులకు సహకారం అంటే ఏమిటో తెలియడం లేదని 1914-15 నాటి మెక్లాగన్ కమిటీ గట్టిగానే చెప్పింది. యూనియన్లు పుట్టింది ఈ లోటు తీర్చడానికే. ప్రాంతాలవారీ యూనియన్లను, సహకార సంస్థలను అఖిల భారత స్థాయిలో కలిపే ప్రయత్నం 1929లో రూపుదిద్దుకుంది, నేటి భారత జాతీయ సహకార యూనియన్‌కు మూలం అదే. ఆ తొలితరం నాయకులలో మద్రాసులో పేరుపొందిన తెలుగు న్యాయవాది వి. రామదాసు పంతులు గారు ప్రముఖులు. ఇతర రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగువారికి సహకారోద్యమం పరాయిది కాదని చెప్పడానికే ఆయన పేరు తలచుకున్నాను.

స్వాతంత్ర్యం తరువాత శిక్షణ మూడు అంచెలుగా స్థిరపడింది. పై అధికారులకు పుణెలోని వైకుంఠ మెహతా జాతీయ సహకార నిర్వహణ సంస్థ, మధ్యస్థాయి వారికి ప్రాంతీయ సంస్థలు, కిందిస్థాయి సిబ్బందికి రాష్ట్ర యూనియన్లు నడిపే శిక్షణ కేంద్రాలు. మధ్య అంచెలోని ప్రాంతీయ సహకార నిర్వహణ సంస్థ ఒకటి మన బెంగళూరులోనే, పద్మనాభనగరలో ఉంది. మీ సంఘంలో చురుకైన యువ ఉద్యోగి ఉంటే అక్కడి హయ్యర్ డిప్లొమాకు గాని, మహామండలి ఆధ్వర్యంలోని శిక్షణ సంస్థలలో జరిగే డిప్లొమాకు గాని పంపించండి. సహకార చట్టం, లెక్కలు, బ్యాంకింగు, ఆడిటు, అన్నీ ఒకచోట పద్ధతిగా నేర్పే చదువు అది, పదోన్నతికి పనికివస్తుంది. ఉద్యోగుల శిక్షణ గురించి ఇంతకంటే చెప్పనవసరం లేదు. అది ఒక మోస్తరుగా నడుస్తూనే ఉంది, ఎందుకంటే సర్టిఫికెట్టుకు విలువ ఉంది, దాన్ని కోరేవారున్నారు, ఫీజు కట్టేవారున్నారు.

చిక్కంతా సభ్యుల దగ్గర ఉంది. 1950ల చివరలో సంచార బోధకులను నియమించి ఊరూరా తిప్పే పద్ధతి మొదలైంది. వారు సంఘం ఉన్న చోటికే వెళ్లి కార్యదర్శులకు కొన్ని వారాలు, పాలకవర్గానికి కొన్ని రోజులు, మామూలు సభ్యులకు ఒకటి రెండు రోజులు చెప్పి వచ్చేవారు. చూడడానికి చిన్నగా కనిపించినా గొప్ప ఏర్పాటు అది, ఎందుకంటే సభ్యుడు తరగతికి రాడు, తరగతే సభ్యుడి దగ్గరకు పోవాలి అన్న సత్యాన్ని ఒప్పుకున్న ఏర్పాటు. కాలక్రమాన గ్రాంట్లు, లక్ష్యాలు, నివేదికలు వచ్చాక ఎన్ని తరగతులు, ఎంతమంది హాజరు అన్న లెక్కే మిగిలింది. సంతకాల పట్టిక నిండితే పాఠం అయినట్టే. భోజనం వేళకు నిండిన హాలు, భోజనం తరువాత ఖాళీ అయిన హాలు, ఇవి చూడని శిక్షకుడు ఉండడు. దీనికి యూనియన్‌నే పూర్తిగా తప్పుపట్టడం కూడా న్యాయం కాదు. ఏ సంఘమూ మాకు ఫలానా పాఠం కావాలని ఉత్తరం రాయకపోతే, యూనియన్ తన దగ్గరున్న పాత పాఠాన్నే అందరికీ వడ్డిస్తుంది.

మీ సభ్యులకు ఏమి తెలియాలి అన్నది ఇక్కడ కాస్త నిదానంగా చూద్దాం. మొదటిది డిపాజిట్ల భద్రత. 2020 జనవరిలో బెంగళూరులోని ఒక పట్టణ సహకార బ్యాంకు మీద రిజర్వు బ్యాంకు ఆంక్షలు విధించి, ఖాతాకు 35,000 రూపాయలకు మించి తీయరాదని అన్నప్పుడు, పదవీ విరమణ సొమ్మంతా అందులో పెట్టిన పెద్దవారు ఎలా అల్లాడారో ఈ నగరంలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. ఆ ఏడాది ఫిబ్రవరి 4 నుంచి బ్యాంకు డిపాజిట్ల బీమా పరిమితి లక్ష నుంచి అయిదు లక్షలకు పెరిగింది, అది సహకార బ్యాంకులకూ వర్తిస్తుంది. అయితే మీది బ్యాంకు కాదు, పరపతి సంఘం. పరపతి సంఘంలోని డిపాజిట్లకు ఆ బీమా లేదు. ఈ ఒక్క వాక్యం మీ సంఘంలో ఎంతమందికి తెలుసో వచ్చే సర్వసభ్య సమావేశంలో చేతులెత్తమని అడిగి చూడండి. చెబితే డిపాజిట్లు తగ్గుతాయేమో అని పాలకవర్గం జంకడం సహజమే, కానీ చెప్పకుండా సేకరించిన డిపాజిటు మీద నిలబడిన సంఘం ఒక పుకారుకే కూలిపోతుంది. సంఘం ఎవరికి అప్పిస్తోంది, ఎంత వసూలవుతోంది, రిజర్వు ఎంత ఉంది అని చూసుకోవడమే తనకున్న రక్షణ అని తెలిసిన సభ్యుడు పుకారు వస్తే ముందు వచ్చి లెక్క అడుగుతాడు.

రెండవది జామీను. వాటాదారుగా సభ్యుడి బాధ్యత తన వాటాధనం వరకే పరిమితం. స్నేహితుడి అప్పు పత్రం మీద జామీనుదారుగా సంతకం పెట్టినప్పుడు మాత్రం ఆ పరిమితి ఉండదు, వడ్డీతో సహా మొత్తం బాకీకి అతడూ బాధ్యుడే. మనవారిలో ఊరివాడనో బంధువనో మొహమాటానికి సంతకం పెట్టడం ఎక్కువ. వివాదం 1959 నాటి కర్ణాటక చట్టంలోని 70వ సెక్షన్ కింద రిజిస్ట్రారు ముందుకు పోయి, డిక్రీ వచ్చి, జీతంలో కోత మొదలయ్యాక గాని చాలామందికి విషయం అర్థం కాదు. అప్పు పత్రం చేతిలో పెట్టే ముందే అరగంట కూర్చోబెట్టి చెప్పే ఏర్పాటు ఉంటే సగం తగాదాలు పుట్టవు. ఈ పాఠానికి యూనియన్ శిక్షకుడు కూడా అవసరం లేదు, అతడు మీ గుమాస్తాకు ఒకసారి నేర్పితే చాలు.

మూడవది సర్వసభ్య సమావేశం. ఏటా సెప్టెంబరు వచ్చేసరికి బెంగళూరులోని కల్యాణమంటపాలన్నీ ఈ సమావేశాలతో నిండిపోతాయి. సభ్యులు వస్తారు, కానుక సంచి తీసుకుంటారు, భోజనం చేస్తారు, వెళ్తారు. వార్షిక నివేదిక పుస్తకం కానుక సంచిలోనే ఉంటుంది, తెరిచేవారు అరుదు. నిజానికి ఆడిటరును నియమించేదీ, లాభాల పంపకాన్ని ఆమోదించేదీ, సంఘం సొంత నియమావళి అయిన బైలాలను సవరించేదీ ఆ సమావేశమే. రాజ్యాంగ 97వ సవరణ సభ్యుడికి సంఘం పుస్తకాలు చూసే హక్కును, సమావేశాలకు కనీస హాజరు అనే బాధ్యతను రెంటినీ పేర్కొంటూ, సభ్యుల సహకార విద్య, శిక్షణ కోసం చట్టం చేసే వీలును రాష్ట్రాలకు చూపింది. 2021 జూలై 20న సుప్రీంకోర్టు ఆ సవరణలోని సంఘాల భాగం బహుళ రాష్ట్ర సంఘాలకే చెల్లుతుందని తీర్పు ఇచ్చింది కనుక, రాష్ట్ర సంఘాల విషయంలో రాష్ట్ర చట్టమే ప్రమాణం. ఆ సవరణ స్ఫూర్తితో వచ్చిన హాజరు నిబంధనలు కర్ణాటకలో ఎన్నికల వేళ ఎన్నో తగాదాలకు దారితీశాయి. ఓటరు జాబితాలో పేరు లేదని తెలిశాక కోర్టుకు పరుగెత్తడం కంటే, నిబంధన ఏమిటో ముందే సభ్యులందరికీ చెప్పడం యూనియన్ చేయదగిన పని, ఖర్చు లేని పని.

ఇక మీ సంగతి. పాలకవర్గ సభ్యులకు చెప్పే పాఠం సభ్యుల పాఠం కంటే కఠినం, ఎందుకంటే వారు చదువుకున్నవారై ఉంటారు, మాకు తెలుసు అనుకుంటారు. సాఫ్ట్‌వేరు ఉద్యోగులు, ఇంజనీర్లు, బ్యాంకు నుంచి విరమించినవారు ఉన్న పాలకవర్గాలు కూడా ఆస్తి అప్పుల పట్టీని చివరి పేజీలోని లాభం అంకె చూసి మూసేస్తాయి. లాభం చూసి మురిసిపోవడం కాక, వసూలు కాని బాకీలకు తగినంత కేటాయింపు చేశాక మిగిలిన లాభమేనా, వసూలు కాని వడ్డీని కూడా ఆదాయంగా చూపారా అని అడగడం నేర్చుకోవాలి. ఆడిటరు మీ సంఘానికి ‘ఎ’ నుంచి ‘డి’ వరకు ఇచ్చే తరగతి ఒక్క ఏడాదిలో ఎందుకు మారిందో, ఆడిటు నివేదికలోని లోపాలకు మీరు పంపిన జవాబుల నకలు దస్త్రంలో ఉందో లేదో చూడాలి. పాలకవర్గ సభ్యుడి బంధువు అప్పు దరఖాస్తు చర్చకు వచ్చినప్పుడు ఆయన లేచి బయటకు వెళ్లాలి, వెళ్లినట్టు మినిట్సులో రాయాలి. అదే 1959 చట్టంలోని 64వ సెక్షన్ కింద విచారణ వచ్చిన రోజున ‘నాకు తెలియదు, కార్యదర్శి చెప్పిన చోట సంతకం పెట్టాను’ అన్నది సమర్థనగా చెల్లదు. మినిట్సులో సమ్మతి రాసి ఉంటే బాధ్యత మీదే.

ఆదాయపు పన్ను విషయం ఒక్కటే ఒక పూట పాఠం. 1961 చట్టంలోని 80పి సెక్షన్ సహకార సంఘాలకు మినహాయింపు ఇచ్చింది, 2006లో చేసిన సవరణ సహకార బ్యాంకులను అందులోంచి తప్పించింది. పరపతి సంఘం బ్యాంకా కాదా అన్న వివాదం అప్పటి నుంచి ట్రిబ్యునళ్లలో నలుగుతూ వచ్చింది. 2017లో హైదరాబాదుకు చెందిన ఒక సంఘం ఓటు హక్కు లేని నామమాత్రపు సభ్యులతో, బయటివారితో చేసిన వ్యవహారాల కారణంగా సుప్రీంకోర్టులో ఓడిపోయింది. 2021 జనవరిలో కేరళ సంఘాల వ్యాజ్యంలో అదే కోర్టు సంఘాలకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. ఈ రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి, మీ సంఘం సభ్యత్వ రిజిస్టరును ముందు పెట్టుకుని చదివితే, నామమాత్రపు సభ్యత్వం ఇచ్చే ముందు మీ చేయి కాస్త ఆగుతుంది. సంఘం పేరులో ‘బ్యాంకు’ అన్న మాట వాడటం, సభ్యులు కానివారి నుంచి డిపాజిట్లు తీసుకోవడం కూడా ఇలాంటివే. రిజర్వు బ్యాంకు 2021 నవంబరులో ఈ రెంటి గురించి ప్రజలను బహిరంగంగానే హెచ్చరించింది. ఇలాంటి పాఠం ప్రతి సంఘమూ సొంతంగా ఏర్పాటు చేసుకోలేదు, నిపుణుడి ఫీజు చిన్న సంఘాలకు భారం. పదిహేను ఇరవై సంఘాలను ఒకచోట కూర్చోబెట్టి, ఒక నిపుణుడిని పిలిపించి చెప్పించడం యూనియన్‌కే సాధ్యం. ప్రాంతీయ యూనియన్ ఉండడానికి ఇంతకంటే మంచి కారణం నాకు కనిపించదు. రాజధానిలోని సంస్థకు మీ పేట సంగతులు తెలియవు, ఒంటరి సంఘానికి ఆ స్తోమత లేదు, మధ్యలో ఉన్నది అదే.

భాష సంగతి మీరు అడగలేదు గాని చెప్పక తప్పదు. కర్ణాటకలో యూనియన్ పాఠాలు, పుస్తకాలు, బైలాలు, ఆడిటు నివేదికలు కన్నడంలో ఉంటాయి, ఉండటం న్యాయం కూడా. మన సభ్యులలో చాలామంది కన్నడం చక్కగా మాట్లాడతారు, చదవడం దగ్గర తడబడతారు. పెద్దవారిలో తెలుగు చదివేవారు ఉంటారు, వారి పిల్లలు ఇంగ్లీషు తప్ప రెండూ చదవరు. ఫలితంగా బైలాలు చదివిన సభ్యుడు దొరకడం కష్టం. దీనికి పరిష్కారం వేరే తెలుగు యూనియన్ కోరడం కాదు. కోలారు, చిక్కబళ్లాపురం, పావగడ, బళ్లారి ప్రాంతాల నుంచి వచ్చిన శిక్షకులు, విశ్రాంత సహకార అధికారులు రెండు భాషలూ ధారాళంగా మాట్లాడగలరు. అలాంటివారిని పంపమని యూనియన్‌ను పేరుపెట్టి కోరండి, పాఠం కన్నడంలో సాగుతుంది, ప్రశ్నలు తెలుగులో వస్తాయి, అతడు రెంటికీ జవాబు చెబుతాడు. బైలాలలో సభ్యుల హక్కులు, అప్పుల నియమాలు, సమావేశాల నియమాలు ఉన్న భాగాలను తెలుగులోకి మార్చి పది పేజీల పుస్తకంగా అచ్చు వేయించండి. చట్టం దృష్టిలో కన్నడ మూలమే చెల్లుతుందని మొదటి పేజీలోనే రాయండి. దీనికి మీ సంఘం సొంత సాధారణ ఖర్చుల పద్దు చాలు, ఎవరి అనుమతీ అక్కరలేదు.

పాఠం ఎలా ఉండాలన్నది నేను గట్టిగా పట్టుబట్టే విషయం. సహకార సూత్రాలు ఏడు, వాటి చరిత్ర ఇది అని మొదలుపెట్టే ఉపన్యాసం ఎవరినీ మార్చదు. ఆదివారం ఉదయం నలభైమందికి మించకుండా సభ్యులను పిలిచి, మీ సంఘం నిరుటి ఆస్తి అప్పుల పట్టీ నకళ్లు ఒక్కొక్కరి చేతిలో పెట్టండి. శిక్షకుడు ఒక్కో అంకె దగ్గర ఆగి, ఇది ఎవరి డబ్బు, ఎక్కడ ఉంది, తిరిగి వస్తుందా అని అడగాలి. వంటింటి ఖర్చు పుస్తకం రాసే గృహిణులు ఈ ప్రశ్నలకు చాలా త్వరగా జవాబు చెబుతారు, జీతం మీద బతికే మగవారు వెనకబడతారు. ఇది చాలాసార్లు గమనించాను. మీ పాలకవర్గంలో మహిళలకు కేటాయించిన స్థానాలు ఉంటే, వాటిలోకి వచ్చినవారికి ఈ తరగతి మొదటి మూడు నెలల్లోనే జరగాలి. వారు సంతకానికి మాత్రమే అన్న అలవాటు ఒకసారి పడితే ఆ కాలపరిమితి అంతా అలాగే గడిచిపోతుంది. శిక్షకుడికి మీ దస్త్రాలు ముందే పంపండి. ఇక్కడ పాలకవర్గంలో కొందరు అడ్డుపడతారు, బయటివాడికి లెక్కలు చూపడమేమిటని. అవి అచ్చయిన వార్షిక నివేదికలోని అంకెలే కదా అని చెప్పండి.

యూనియన్ నుంచి ఆశించకూడనివి కూడా ఉన్నాయి. యూనియన్ పాలకవర్గం కూడా మన సంఘాల నుంచి ఎన్నికైనవారితోనే ఏర్పడుతుంది, అందులో రాజకీయం ఉంటుంది, ఒక నాయకుడి సంఘంలోని లోపాన్ని తరగతిలో ఉదాహరణగా చెప్పడానికి శిక్షకుడికి ధైర్యం చాలదు. పూర్తిగా మునిగిపోతున్న సంఘాన్ని శిక్షణ నిలబెట్టలేదు, దానికి రిజిస్ట్రారు, ఆడిటు, కోర్టు ఉన్నాయి. కేంద్రంలో 2021లో సహకార మంత్రిత్వ శాఖ ఏర్పడ్డాక, 2025లో ఆణంద్‌లోని సంస్థ ఆధారంగా త్రిభువన్ సహకారి విశ్వవిద్యాలయం చట్టం వచ్చాక, సహకార విద్య అంటే డిగ్రీలు, పట్టాలు అనే ధోరణి పెరుగుతోంది. నాకు దానిపై అభ్యంతరం లేదు, చదువుకున్న మేనేజర్లు కావాలి. అయితే ఏ విశ్వవిద్యాలయమూ ఆదివారం పూట మీ పేటకు వచ్చి జామీను అంటే ఏమిటో చెప్పదు. పైన డబ్బు పెరిగే కొద్దీ కింద సభ్యుల తరగతులు ఇంకా సన్నగిల్లుతాయేమో అన్నది నా భయం.

ఇప్పుడు మీరు చేయవలసినది చెబుతాను. మీ సంఘం యూనియన్‌లో వాటా ఉన్న సభ్య సంస్థ అయితే, యూనియన్ సర్వసభ్య సమావేశానికి ప్రతినిధిని పంపే హక్కు దానికి ఉంది. ప్రతినిధిగా సాధారణంగా అధ్యక్షుడినే పంపుతూ తీర్మానం చేస్తారు, ఆయన వెళ్లకపోయినా ఎవరూ పట్టించుకోరు. ఈసారి ఆ తీర్మానం చర్చకు వచ్చినప్పుడు మీ పేరు మీరే ప్రతిపాదించుకోండి, ఎవరికీ ఆ పదవి మీద మోజు ఉండదు కనుక సులభంగానే దక్కుతుంది. దానికి ముందే పాలకవర్గ తీర్మానంతో యూనియన్ కార్యదర్శికి ఒక ఉత్తరం పంపించండి. అందులో గడచిన మూడేళ్లలో మీ సంఘం కట్టిన విద్యానిధి మొత్తం, రసీదుల వివరాలు, ఆ కాలంలో మీ సంఘంలో జరిగిన సభ్యుల తరగతుల సంఖ్య, అది సున్నా అయినా సరే, రాయండి. కొత్త పాలకవర్గానికి ఒక తరగతి, సభ్యులకు రెండు తరగతులు, రెండు భాషలు తెలిసిన శిక్షకుడు, కావలసిన అంశాలు, మీకు వీలైన ఆదివారాలు స్పష్టంగా పేర్కొనండి. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే సహకార సప్తాహంలో ఊరేగింపులకు, సన్మానాలకు పెట్టే ఖర్చులో కొంతైనా ఈ తరగతులకు మళ్లించమని మర్యాదగానే కోరవచ్చు. ఉత్తరం నకలు జిల్లా సహకార శాఖ ఉప రిజిస్ట్రారుకు పంపడం మరవకండి.

జవాబు వస్తే మంచిది. రాకపోతే ఆ ఉత్తరం నకలు జేబులో పెట్టుకుని యూనియన్ సర్వసభ్య సమావేశానికి వెళ్లండి. వార్షిక నివేదికలో విద్యానిధి రాబడి ఒక పేజీలో, శిక్షణ ఖర్చు మరొక పేజీలో ఉంటాయి. ఆ ఖర్చులో జీతాలు, భవనం, సమావేశాలు పోను సభ్యుల తరగతులకు పోయినది ఎంత అని ఒక్క ప్రశ్న అడిగి, ఆ ప్రశ్నా దానికి వచ్చిన జవాబూ మినిట్సులో చేర్చమని కోరండి. మీవంటి ఇంకో రెండు సంఘాల ప్రతినిధులతో ముందే మాట్లాడుకుని వెళ్తే ఆ ప్రశ్నను దాటవేయడం అధ్యక్ష స్థానంలో ఉన్నవారికి అంత తేలిక కాదు.